ఆరు ఉన్న ఇంట్లో తొమ్మిది

మా బావ మరితిమ్ గురించి మా వాగు పొడవునా ఎవరిని అడిగినా "తొట్టి దగ్గర మనిషా?" అంటారు. ఇరవై రెండేళ్లు గోమార్ల మందు తొట్టి దగ్గర పనిచేశాడు. ప్రతి గురువారం పశువులన్నీ ఇరుకు దారిలో వరసగా వచ్చి, మందు నీళ్లలో దూకి, ఈదుకుంటూ పోయి, అవతలి మెట్లెక్కి ఒళ్లు దులుపుకునేవి. ఆయన గట్టు మీద నిలబడి, చివర పంగ ఉన్న పొడవాటి కర్రతో, తల మునగని దాని తలను ఒక్కసారి మెల్లగా ముంచేవాడు. చెవుల్లో ఉన్న గోమారు కూడా చావాలి కదా. ఆ మందు వాసన ఆయన చొక్కాకే కాదు, ఆయన తాగే టీ గ్లాసుకు కూడా పట్టింది.

ఆయన నా భార్యకు అన్న. నేను పాల షెడ్డు చూస్తాను. ఇద్దరం పశువుల మీద బతికినవాళ్లమే గానీ మా ఇద్దరికీ చాలా తేడా. నేను లీటర్ల మనిషిని, ఆయన పేర్ల మనిషి. చెప్కులో అనే మా వాగుకు రెండు పక్కలా ఉన్న ప్రతి ఆవు ఆయనకు తెలుసు. రంగు తెలుసు, కొమ్ము ఎటు వంగిందో తెలుసు, దాని తల్లి ఎవరింట్లో పుట్టిందో తెలుసు. కానీ "బావా, ఇవాళ తొట్టికి ఎన్ని వచ్చాయి?" అని అడిగితే మాత్రం నా మొహం కేసి జాలిగా చూసేవాడు.

"రావాల్సినవి వచ్చాయి. తప్‌రన్డిచ్ పెద్దమ్మ ఆవు, చెవి చిరిగిందే, అది రాలేదు. ఇవాళో రేపో ఈనుద్ది."

ఇదీ ఆయన లెక్క. ఆయన ఒక్కడిదే కాదు, మా పెద్దవాళ్లందరిదీ ఇదే. బతికున్న పశువును అంకె పెట్టి పలికితే దిష్టి తగులుతుంది, పలికినవాడి నోరే దాన్ని మింగుతుంది. నాకు ఇంగ్లీషు బడి చదువు అబ్బింది కాబట్టి వీటిని నమ్మనని చెప్పుకు తిరుగుతాను. అయినా నా దొడ్లో ఉన్నవి ఎన్నో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

ఆయనకు ఉన్న ఆవు మాత్రం ఏదో చెబుతాను, అది లేకపోతే ఈ కథ లేదు. దాని పేరు చెబిరిర్. ఎర్రటి ఆవు, నుదుట అరచేయంత తెల్ల మచ్చ. మరితిమ్ వాళ్లమ్మ పెళ్లై వచ్చినప్పుడు తనకని ఇచ్చిన ఆవు సంతతిలో మిగిలిన ఆఖరిది. మరితిమ్ ఉండేది తొట్టి పక్కన సర్కారు ఇచ్చిన రేకుల గదిలో. అక్కడ మందు చింది చింది గడ్డి మొలవదు. అందుకని చెబిరిర్‌ను వాగు అవతల తన స్నేహితుడు అరప్ చూమో దగ్గర ఉంచాడు.

ఇలా ఉంచడాన్ని మేం కిమనగన్ అంటాం. పశువులున్నవాడు అన్నీ తన దొడ్లోనే పెట్టుకోడు. రెండు ఇక్కడ, మూడు అక్కడ, నమ్మకమైన ఇళ్లలో ఉంచుతాడు. ఒక దొడ్లో రోగం పడితే అన్నీ పోవు. పాలు సాకినవాడివి, దూడలు ఇచ్చినవాడివి. ఎవరి ఆవు ఎవరింట్లో ఉందో మూడోవాడికి తెలియనక్కర్లేదు, తెలిసినా తెలియనట్టే ఉండాలి. ఈ పద్ధతిలోనే మా తాతలు స్నేహాలు చేశారు, నిలబెట్టుకున్నారు. అది మంచి పద్ధతి. మంచి పద్ధతి కాబట్టే మమ్మల్ని ముంచింది.

ఎల్ నినో వస్తే మా వైపు కుండపోతే. ఆ వానలు పడి వంతెనలన్నీ కొట్టుకుపోయిన ఏడాది, నీళ్ల ఆఫీసు వాళ్లకు మా వాగు మీద ఒక చిన్న ఆనకట్ట కట్టాలని బుద్ధి పుట్టింది. ఆ పని మీద వచ్చిన ఇంజనీరు ఒక అమ్మాయి. దూరాన పెద్ద సరస్సు ఒడ్డు ఊళ్ల మనిషి, పేరు అమోలో. పొడుగ్గా ఉంటుంది, రబ్బరు బూట్లు వేసుకుని వాగులో మోకాలి దాకా దిగి సీసాల్లో నీళ్లు పట్టేది. మా ఆడవాళ్లు ఆమెకు పెళ్లి కాలేదని తెలుసుకుని, ఆ సీసాలు చూసి, "వాగుకి మందేస్తున్నావా బిడ్డా, మొగుణ్ణి పట్టే మందు కూడా అందులోనే ఉందా?" అని ఏడిపించేవారు. ఆమె నవ్వేది. అలా నవ్వే ఆఫీసరును మేం అంతకుముందు చూడలేదు.

తొట్టి దగ్గర మరితిమ్‌ను పట్టుకుని, ఆమె తన లెక్క నేల మీద పుల్లతో గీసి చెప్పింది. నేనూ అక్కడే ఉన్నాను. ఒక ఆవు ఏడాది మొత్తంలో పేడలోనూ మూత్రంలోనూ కలిపి నలభై కిలోల దాకా నత్రజని, ఆరేడు కిలోల భాస్వరం వదులుతుంది. అందులో కొంత నేలలో ఇంకుతుంది, కొంత గడ్డి తీసుకుంటుంది, కొంత వానకు వాగులోకి వస్తుంది. వాగులో నిలబడి తాగే ఆవు అయితే నేరుగా నీళ్లలోనే వేస్తుంది. ఎన్ని ఆవులున్నాయో తెలిస్తే వాగులోకి ఏడాదికి ఎంత చేరుతుందో తెలుస్తుంది.

"ఎరువే కదా మేడమ్. మంచిదేగా," అన్నాడు మా బావ.

"మొక్కజొన్నకి మంచిది. కానీ నీళ్లలో మొక్కజొన్న ఉండదు కదండీ. అక్కడ ఏముంటే దాన్నే పెంచుతుంది. వాగులో అయితే పారిపోద్ది. ఆనకట్ట వేశాక ఎక్కడికి పోద్ది?"

"ఎక్కడికీ పోదు."

"అదీ. నాచు పట్టుద్ది. కొన్ని రకాల నాచు విషం."

అందుకే ఆమెకు రెండు రకాల ఆనకట్టలు ఉన్నాయి. వాగు పొడవునా పశువులు ఆరు వందల లోపు ఉంటే మామూలు మట్టికట్ట చాలు, పశువులు అందులోనే దిగి తాగవచ్చు. ఆరు వందలు దాటితే పైన మురికి నిలిచే గుంట తవ్వాలి, దాని చుట్టూ జమ్ము పెంచాలి, చెరువుకు కంచె వేయాలి, కింద గొట్టం పెట్టి తొట్లలోకి నీళ్లు వదలాలి. రెండోది చాలా పెద్ద పని. లెక్క చూపిస్తేనే పైవాళ్లు ఒప్పుకుంటారు. నీళ్ల సీసాలు ఆమె పట్టుకుంటుంది, పశువుల లెక్క మాత్రం ఊళ్లో అందరికీ తెలిసినవాడే తేవాలి.

మా బావకు ఆ మాట బాగా ఎక్కింది. ఇంటికి వెళ్లే దారిలో నాతో అన్నాడు. "ఆ పిల్ల చెప్పేది నిజం బావా. మన గోమార్ల తొట్టిలో కూడా వారం మార్చకపోతే పైన తెట్టు కడుద్ది కదా. రేపు ఆ చెరువులో మా చెబిరిర్ కూడా మూతి పెట్టాల. సరిగ్గా రాసుకొస్తా."

సరిగ్గా రాసుకొస్తానన్నాడు. అబద్ధమాడే మనిషి కాదు. ఈ మాట నేను ఎక్కడైనా గడ్డి పట్టుకుని ప్రమాణం చేసి చెబుతాను.

అట్టకు బిగించిన కాగితాలతో మూడు వారాలు తిరిగాడు. ఇంటి పేరు, ఎదురుగా పశువుల సంఖ్య, అంతే ఆ కాగితం. మొదటి రోజు తప్‌రన్డిచ్ పెద్దమ్మ ఇంటికి వెళ్లాడు. ఎనభై దాటిన మనిషి, వాగు పైభాగంలో అందరికంటే ఎక్కువ పశువులు ఆవిడవే అని మాకు అనుమానం. నేనూ పాల డబ్బా కోసం వెళ్లి అక్కడే కూర్చున్నాను. బొగ్గుపొడి పట్టించిన సొరబుర్రలోంచి పుల్లటి ముర్సిక్ పాలు పోసి ఇద్దరికీ ఇచ్చింది.

"పెద్దమ్మా, ఆవులు ఎన్నో చెప్పాల," అన్నాడు బావ, కాగితం వైపు చూస్తూ.

"నీకు పళ్లు ఎన్నున్నాయిరా?"

"సర్కారు అడుగుతోంది పెద్దమ్మా, నేను కాదు."

"సర్కారుకి నేను బాకీ లేను. ఎన్నో నాకెందుకు? సందేళ దొడ్డి తలుపు దగ్గర నిలబడితే ఏది రాలేదో తెలుసుద్ది. అది చాలదూ?" ఆవిడ గొంతు తగ్గించింది. "మా నాన్న రోజుల్లో తెల్లోళ్లు లెక్కపెట్టారు. సున్నం బొట్లు పెట్టి మరీ. తర్వాత వారం బొట్టున్నవాటిలో సగం తోలుకుపోయారు. బొట్టు లేనివి మిగిలాయి. రాసుకో, కొన్ని ఉన్నాయి."

"కొన్ని అని రాస్తే మేడమ్ ఒప్పుకోదు."

"అయితే నువ్వే దొడ్లోకి చూడు. నేను చెప్పలా, నువ్వు అడగలా."

ఆయన సందేళ దాకా కూర్చుని, దొడ్లోకి వచ్చినవాటిని చూసి, మనసులో పేర్లు అనుకుని, ఇంటికి పోయి వేళ్లు మడిచి అంకె వేశాడు. అలా మొదటి కొన్ని ఇళ్లకు చేశాడు. అంతవరకు బాగానే ఉంది. చిక్కు అరప్ చూమో ఇంట్లో మొదలైంది.

చూమో దొడ్లో ఆ సాయంత్రం చాలా ఉన్నాయి. మా బావ వాటికేసి వేలు చూపించబోతే చూమో ఆ వేలు పట్టుకుని కిందికి దించాడు.

"అందులో ఆరు నావి. నా పేరు కింద ఆరు రాయి."

"మిగతావో?"

"మిగతావి నావి కాదు. నా పేరు కింద రాస్తే రేపు వాటి సొంతదారుకి నా మొహం ఎట్టా చూపించను? సర్కారు కాగితంలో పక్కోడి ఆవుని నా ఆవని రాయించుకున్నానంటే దొంగతనం కాదా?"

"సొంతదారు పేరు చెప్పు, వాళ్ల కింద రాస్తా."

"ఎట్టా చెప్తా? నువ్వే చెప్పు, చెబిరిర్ ఎవరిదో కాగితంలో పెట్టమంటావా?"

మా బావ చూమో పేరు ఎదురుగా ఆరు రాసుకున్నాడు. సొంతదారుల ఇళ్లలో ఆయన అప్పటికే అడిగి ఉన్నాడు. వాళ్లు దొడ్లో ఉన్నవి చూపించారు. "ఇంకా ఉన్నాయా?" అంటే "జనం దగ్గర ఉన్నాయి" అన్నారు, ఎవరి దగ్గరో అనలేదు. చూమో తరవాతి ఇళ్లలోనూ ఇదే వరస: ఉంచినవాడు చెప్పలేదు, సాకేవాడు చెప్పలేదు. మా బావ ఇంటికి వచ్చి తన పేరు రాసుకుని, ఎదురుగా సున్నా పెట్టుకున్నాడు. ఆయన దొడ్డే లేనివాడు, పెట్టుకోక ఏం చేస్తాడు?

కాగితం మొత్తం కూడితే మూడు వందల ఎనభై ఎనిమిది తేలింది. నా షెడ్డులో కూర్చుని కూడాడు. నేను చూసి నవ్వాను.

"బావా, ఇందులో ఎడ్లు, దూడలు, వట్టిపోయినవి తీసెయ్. పాలిచ్చేవి నూరు కూడా మిగలవు. మరి రోజూ నా షెడ్డుకొచ్చే పాలు ఎవరు పోస్తున్నారు, తప్‌రన్డిచ్ పెద్దమ్మ మేకలా?"

ఆయనా నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆగింది. "ఉన్నవాటిలో సగం ఇందులో ఎక్కలేదు బావా. నాకు తెలుసు. ఏది ఎవరిదో, ఎవరింట్లో ఉందో మొత్తం పేర్లతో సహా చెప్పగలను. కళ్లు మూసుకుని చెప్పగలను. కానీ ఇంకోడి గుట్టు నా చేత్తో ఎట్టా రాసేది?"

"పేర్లు ఎందుకు, ఊరికే మొత్తం చెప్పెయ్ ఆమెతో. ఇంకో ఐదొందలు ఉంటాయని."

"ఐదొందలు ఎక్కడివి, ఎవరివి అని అడిగితే?"

నేను పాల పుస్తకం మూసి పక్కన పెట్టాను. నా దొడ్లో నావి కాని పడ్డలు ఉన్నాయి మరి. నా పాల పుస్తకం తీసుకెళ్లి ఆ అమ్మాయి ముందు పెట్టి ఉంటే ఆమె అరగంటలో కనిపెట్టేది. పెట్టలేదు. తమాషాగా ఉంది కదా అని నవ్వి ఊరుకున్నాను.

లెక్క ఖాయం చేసే రోజు మీటింగు నా పాల షెడ్డులోనే జరిగింది. పెద్దలంతా డబ్బాల మీద కూర్చున్నారు. ఇంజనీరమ్మాయి కాగితాలన్నీ తిరగేసింది, ఒక చోట ఆగింది, మళ్లీ తిరగేసింది. ఆమె తెలివితక్కువది కాదు. వాగు గట్టున గిట్టల జాడలు ఆమె కూడా చూసింది.

"మరితిమ్ గారూ, నేను ఇంకా ఎక్కువ ఉంటాయనుకున్నాను. సీసాల్లో నీళ్లు చూస్తే కూడా ఎక్కువే అనిపిస్తోంది. వరదల తర్వాత నీళ్లు కాబట్టి వాటిని పూర్తిగా నమ్మలేను. మీరు చెప్పండి. ఇంతేనా?"

షెడ్డులో ఉన్నవాళ్లంతా మా బావ కేసి చూశారు. చూమో చూశాడు. తప్‌రన్డిచ్ పెద్దమ్మ కర్ర మీద గడ్డం ఆనించి చూసింది. ఎవరూ తల ఊపలేదు, అడ్డంగానూ ఆడించలేదు. వాళ్ల పరువు ఆయన చేతిలో ఉందన్నట్టు చూశారు. ఆయన నా వైపు ఒకసారి చూశాడు. నేను డబ్బా మూత బిగిస్తున్నట్టు వంగాను.

"ఇంతే మేడమ్," అన్నాడు.

ఆయన సంతకం పెట్టాడు, కింద ఆమె పెట్టింది. పెద్దలు లేచి ఒక్కొక్కరుగా ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు. ఆయన జీవితంలో అంత మర్యాద అంతకుముందు జరగలేదు. ఆ రోజు మా ఇంటికి వచ్చి కిమ్యెట్, అంటే మా మొక్కజొన్న సంకటి, రెండు ముద్దలు నోట్లో వేసుకుని, ఆకలి లేదని లేచిపోయాడు.

మామూలు మట్టికట్ట వేశారు. గుంట లేదు, జమ్ము లేదు, కంచె లేదు. మొదటి ఏడాది చెరువు నిండుగా ఉంది, బాతులు కూడా వచ్చాయి. ఆడవాళ్లకు నీళ్ల నడక తగ్గింది. "ఏం కంచె, ఏం గుంట, ఆ పిల్ల మనల్ని ఊరికే భయపెట్టింది" అని చూమో అంటే అందరం ఔనన్నాం. పశువులు పొట్ట దాకా నీళ్లలో నిలబడి, తాగుతూ, వేస్తూ, సుఖంగా ఉండేవి. మా బావ మాత్రం వారానికోసారి వెళ్లి నీళ్లలో వేలు ముంచి వాసన చూసి వచ్చేవాడు.

రెండో ఏడాది వానలు పోయాయి. ఆ కరువు మా వైపు ఎవరికీ చెప్పనక్కర్లేదు. వాగు ఎండింది, చెరువు సగానికి దిగింది. జనవరి చివర్లో నీళ్లు పచ్చబడ్డాయి. ముందు పల్చగా, తరవాత గాలి తోసిన వైపు గట్టు దగ్గర చిక్కగా, గోడకు వేసే పచ్చ రంగు ఒలికినట్టు తెట్టు కట్టింది. దుర్వాసన వచ్చింది. మా ఇంట్లో ఆ నీళ్లు తేవడం మానేశారు. పశువులకు మాత్రం వేరే నీళ్లు లేవు.

మా బావ పట్నం దాకా నడిచి వెళ్లాడు. బస్సులు లేక కాదు, కాలు నిలవక. ఇంజనీరమ్మాయి అప్పటికి వేరే జిల్లాకు మారింది. ఆఫీసులో ఉన్న గుమాస్తా ఫైలు తీసి, కాగితం మీద వేలు పెట్టి చూపించాడట.

"మూడొందల ఎనభై ఎనిమిది పశువులు. ఈ లెక్కకి ఆ చెరువు పచ్చబడకూడదు పెద్దాయనా. సంతకం ఎవరిది, నీదేగా?"

"నాదే."

"మరి ఇంకేంటి?"

తిరిగొచ్చి ఈ మాట నాతో చెప్పినప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను. గుమాస్తా తిట్టినా బాగుండేదన్నాడు. తిట్టలేదట. టీ కూడా ఇచ్చాడట.

ఆ మర్నాడు చెరువు చుట్టూ తిరిగి చూశాడు. పడమటి గట్టు దగ్గర తెట్టు బెత్తెడు మందాన ఉంది. తూర్పు గట్టు దగ్గర నీళ్లు కాస్త తేటగా, అడుగు కనిపించేలా ఉన్నాయి. పడమటి వైపు ఒక్కడే ముళ్ల కంప లాగి లాగి అడ్డం వేశాడు. చేతులు రెండూ చీరుకుపోయాయి. తరవాత ఇంటింటికీ వెళ్లాడు. ఆ కరువులో ఎక్కడో వెతికి గుప్పెడు పచ్చగడ్డి పీకి, అది చేత్తో పట్టుకుని మరీ వెళ్లాడు. గడ్డి పట్టుకుని అడిగినవాణ్ణి మా వైపు కాదనరు.

"పడమటి వైపు వద్దు. మీకు దణ్ణం పెడతా. తూర్పు గట్టున తాపండి, అక్కడ తేటగా ఉన్నాయి. నేను చూశాను."

అందరూ సరేనన్నారు. చూమో కూడా. రోజూ పడమటి వైపే అలవాటైన మందను మర్నాడు పొద్దున్నే చుట్టు తిప్పి తూర్పు గట్టుకు తోలాడు.

అంతకుముందు రాత్రే గాలి మళ్లింది. మాకు ఎవరికీ తెలియలేదు, తెలిసినా దాని అర్థం తెలిసేది కాదు. పడమటి గట్టున ఉన్న తెట్టంతా తేలుకుంటూ వచ్చి తూర్పు గట్టున చేరింది. మసక వెలుతురులో దాహంగా ఉన్న పశువులు దేని మీద మూతి పెట్టాయో చూసుకోలేదు. తోలుకొచ్చినవాళ్లూ చూసుకోలేదు, మరితిమ్ చెప్పిన చోటే కదా అనుకున్నారు.

నాకు ఈ సంగతి చూమో భార్య చెప్పింది. పాలు తేవలసిన వేళకు ఉత్త డబ్బాతో వచ్చి షెడ్డు ముందు కూలబడింది. "పడిపోతున్నాయి అన్నా. కాళ్లు వణికి పడిపోతున్నాయి" అని మాత్రం అంది. నేను వెళ్లేసరికి గట్టు నుంచి దొడ్ల దాకా దారి పొడవునా ఉన్నాయి. కొన్ని నీళ్ల పక్కనే, కొన్ని పది అడుగులు నడిచి, కొన్ని ఇంటి దాకా వచ్చి. మూతులన్నీ పచ్చగా ఉన్నాయి. మా బావ ఒక్కొక్కదాని దగ్గరా మోకాళ్ల మీద కూర్చుని, చీరుకుపోయిన చేత్తో ఆ పచ్చదనం తుడుస్తూ, పేరు పెట్టి పిలుస్తూ పోతున్నాడు. ఏదీ లేవలేదు.

ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. అంటే కొంత నయంగా ఉండేది.

రెండో రోజు పశువుల డాక్టరు వచ్చాడు, వెంట ఇంజనీరమ్మాయి వచ్చింది. ఆమెను ఎవరూ పిలవలేదు. తన సంతకం ఉన్న చెరువు కాబట్టి విని వచ్చింది. ఈసారి ఆమెను ఎవరూ ఏడిపించలేదు. పాతిపెట్టే ముందు అన్నీ రాసుకోవాలని డాక్టరు అన్నాడు. ఆమె పాత కాగితాలు తెచ్చుకుంది, ఒక్కో ఇంటి పేరు చదివి ఎదురుగా కొత్త అంకె వేసుకుంటోంది.

ఆ రోజు ఎవరూ దాచలేదు. "నావి ఏడు," "నావి నాలుగు, రెండు నా దగ్గర ఉంచినవి" అని అడగకముందే చెబుతున్నారు. చచ్చిన పశువుకు దిష్టి ఏముంది? తప్‌రన్డిచ్ పెద్దమ్మ కర్ర పట్టుకుని వచ్చి, ఎవరెవరి ఇళ్లలో ఉన్నవి తనవి ఎన్ని పోయాయో ఒక్కొక్కటే వేలు పెట్టి చూపించింది. ఆవిడ అంకెలు పలకడం నేను పుట్టాక వినలేదు. ఇంత బాగా లెక్క వచ్చని కూడా తెలియదు.

చూమో వంతు వచ్చింది.

"అరప్ చూమో," అని చదివింది ఇంజనీరమ్మాయి. "పోయినవి ఎన్ని?"

"తొమ్మిది."

ఆమె పెన్ను ఆగింది. "ఇక్కడ మీకు ఉన్నవే ఆరని ఉంది."

చూమో నేల కేసి చూశాడు. "ఆరు నావి. ఇంకా దొడ్లో నిలబడ్డవి నాలుగున్నాయి, అవీ రాసుకో."

"ఆరున్న ఇంట్లో తొమ్మిది చచ్చి, ఇంకా నాలుగు ఎలా మిగిలాయండీ?"

ఆమె కాగితాలు చేతిలో పట్టుకుని, గట్టు మీద పడున్నవాటిని, నిలబడున్న మమ్మల్ని చాలాసేపు మార్చి మార్చి చూసింది. ఆమెకు అప్పుడు అర్థమైంది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. చిన్న గొంతుతో, "నాకు చెప్పి ఉండాల్సింది. పేర్లు వద్దు, ఊరికే ఉన్నాయని చెప్పినా చాలేది. గుంట తవ్వించేదాన్ని," అంది.

ఊరికే చెప్పినా చాలేదట. ఆ మాటే నేను రెండేళ్ల కిందట నా షెడ్డులో కూర్చుని ఆయనతో అన్నాను. అని, నేనే వదిలేశాను.

ఆ తొమ్మిదింటిలో తనవేవో చూమో చూపించాడు, మిగతా సొంతదారులు ముందుకొచ్చి తమవి చెప్పారు, అలా ఎనిమిది తేలాయి. మిగిలింది ఎర్రటిది. అది అందరికంటే దూరం నడిచింది. చూమో దొడ్డి తలుపు దగ్గర, మూతి తలుపు మీద ఆనించి పడిపోయింది. నుదుటి తెల్ల మచ్చ మీద ఈగలు. కడుపుతో ఉందని డాక్టరు చెయ్యి పెట్టి చూసి చెప్పాడు.

"ఇది ఎవరిది?"

మా బావ ముందుకు వచ్చాడు. ఇరవై రెండేళ్లు పట్టుకున్న పంగ కర్ర ఆ రోజు కూడా చేతిలో ఉంది. ఎందుకు తెచ్చాడో ఆయనకే తెలియాలి.

"నాది."

ఆమె కాగితాలు తిప్పి ఆయన పేరు వెతికింది. దొరికింది. "మీకు సున్నా అని ఉంది మరితిమ్ గారూ. మీ చేతిరాతే."

"నా చేతిరాతే." ఆయన వంగి, ఆవు నుదుటి మీద ఈగలను తోలాడు. అవి మళ్లీ వాలాయి. మళ్లీ తోలాడు. తల ఎత్తకుండానే అన్నాడు. "ఇప్పుడు రాయండి మేడమ్. మరితిమ్, ఒకటి."

ఆమె రాసింది.

గుంట తవ్వారు. జమ్ము నాటారు, కంచె వేశారు, గొట్టం పెట్టారు. ఆ ఏడాదే అన్నీ చేశారు, ఇప్పుడు తాగడానికి వచ్చే పశువులే తక్కువ. మా బావ తొట్టి పని మానేశాడు. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటాడు, నేను పోసిన పాలు ముట్టడు. రోజూ సందేళ చూమో దొడ్డి తలుపు దాకా వెళ్లి నిలబడతాడు. మిగిలిన నాలుగూ లోపలికి పోతాయి. ఏవి రాలేదో ఒక్కొక్కదాని పేరూ చెప్పుకుంటాడు. అది చాలాసేపు పడుతుంది. చూమో పక్కనే నిలబడి, ఆయన ఆఖరి పేరు చెప్పేదాకా తలుపు వేయడు.